విదూషకుడు నవ్వులపాలయ్యేవాడా?
('కన్యాశుల్కం' నాటకంలో కరటకశాస్త్రి పాత్ర - ఒక పరిశీలన)



వార్షికోత్సవం దగ్గర పడిందంటే హాస్టల్లో సందడి మొదలవుతుంది. గోడలకు సున్నం వేస్తారు. గేటుకు రంగుకాగితాలు కడతారు. సాయంత్రం స్టడీ అవర్ కాగానే నాటకం రిహార్సల్స్ జరుగుతాయి. రాజు వేషానికి పోటీ ఉంటుంది. పోలీసు వేషానికి ఇంకా ఎక్కువ పోటీ ఉంటుంది. జోకరు వేషాన్ని మాత్రం ఎవరూ అడగరు. అది ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలుసు. పొట్టిగా ఉన్నవాడు, నల్లగా ఉన్నవాడు, మాట నత్తిగా వచ్చేవాడు, పల్లెయాస పోనివాడు.

ఈ వ్యాసం రాస్తున్న నేను కూడా ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని హాస్టల్లో చేరినవాడినే. ఎనిమిదో తరగతిలో నాకు ఆ వేషం ఇచ్చారు. "నువ్వు స్టేజీ మీద నిలబడితే చాలురా, జనం నవ్వుతారు" అన్నారు ఆ రోజు నాటకం నేర్పినాయన. నెత్తిన కాగితం టోపీ, కడుపుకు దిండు, ముఖానికి పిండి. నేను చెప్పాల్సిన మాటలు మూడే. మొదటి మాట చెప్పకముందే జనం నవ్వారు. ఆ నవ్వు నా మాటకు కాదు, నాకు. ఆ తర్వాత పదో తరగతి దాకా నా పేరు జోకరే. ఎవరైనా స్టేజీ అంటే చాలు, వెనక బెంచీకి పోయి కూర్చునేవాడిని.

ఇంటర్మీడియట్‌లో చేరినాక లైబ్రరీలో గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' చదివాను. అందులో కరటకశాస్త్రి అనే పాత్ర ఉంది. అతడు వృత్తిరీత్యా నాటకాల్లో విదూషకుడు. అంటే జోకరు. ఆ పాత్రను చదివినాక నాకు ఒక సంగతి అర్థమైంది. నాకు ఇచ్చింది జోకరు వేషం కాదు. జోకరు చేసే పని ఏమిటో తెలియనివాళ్లు నాకు టోపీ మాత్రం ఇచ్చారు. ఆ పని ఏమిటో మీకు చెప్పాలనే ఈ పాఠం.

విదూషకుడంటే ఎవరు?

సంస్కృత నాటకాల్లో నాయకుడి పక్కన ఎప్పుడూ ఒక స్నేహితుడు ఉంటాడు. అతడే విదూషకుడు. కాళిదాసు 'శాకుంతలం'లో దుష్యంతుడి పక్కన మాధవ్యుడు, భాసుడి 'స్వప్నవాసవదత్తం'లో ఉదయనుడి పక్కన వసంతకుడు, శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో చారుదత్తుడి పక్కన మైత్రేయుడు ఇలాంటివాళ్లే. వీళ్లకు తిండి మీద ఆశ ఎక్కువ. భయమూ ఎక్కువే. బ్రాహ్మణులే అయినా రాజుల్లాగా సంస్కృతం మాట్లాడరు. మామూలు జనం మాట్లాడే ప్రాకృతం మాట్లాడతారు. చేతిలో వంకర కర్ర ఉంటుంది.

భరతుని నాట్యశాస్త్రం విదూషకుడి ఆకారాన్ని కూడా వర్ణించింది. పొట్టివాడు, గూనివాడు, ఎత్తుపళ్లవాడు, బట్టతలవాడు, వికారమైన ముఖం గలవాడు అని చెప్పింది. ఇక్కడ మనం కాసేపు ఆగాలి. మనిషి ఒంటిని చూసి నవ్వడం అంత పాత అలవాటు. శాస్త్రంలో ఉంది కదా అని అది మంచి అలవాటు అయిపోదు. గొప్ప నాటక కర్తలు ఆ ఆకారం దగ్గరే ఆగిపోలేదు. మైత్రేయుడినే చూడండి. చారుదత్తుడి డబ్బు పోయినాక స్నేహితులంతా మొహం చాటేశారు. మైత్రేయుడు మాత్రం వదిలిపెట్టలేదు. తెలివిగలవాళ్లందరూ వెళ్లిపోయిన ఇంట్లో తెలివితక్కువవాడని పేరుపడ్డవాడు మిగిలాడు. నాటకం చూసినవాడికి ఎవరు తెలివితక్కువవారో వేరే చెప్పాలా?

మన బొమ్మలాటలో కేతిగాడు

ఇదంతా మనకు దూరపు సంగతి అనుకోవద్దు. మన రాయలసీమ పల్లెల్లో తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. తెల్లగుడ్డ కట్టి, వెనక దీపం పెట్టి, మేకతోలుతో చేసి రంగులద్దిన బొమ్మలతో రాత్రంతా రామాయణమో భారతమో ఆడేవాళ్లు. రాముడు, రావణుడు పద్యాల్లో మాట్లాడుకుంటుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూకేవాళ్లు. వీళ్లు రామాయణంలో లేరు, భారతంలోనూ లేరు. వాళ్ల భాష మన భాష. కట్టూబొట్టూ మనదే. మొగుడూపెళ్లాల తగువు దగ్గర మొదలుపెట్టి ఊరి పెద్దల మీద కూడా రెండు విసుర్లు విసిరేవాళ్లు. మామూలు మనిషి అంటే తన్నులు తినే మాటను బొమ్మ అంటే ఊరంతా నవ్వేది. ఆ మాట తగిలిన పెద్దమనిషి కూడా నవ్వక తప్పేది కాదు.

కేతిగాడి మాటల్లో మోటుతనం చాలా ఉంది. ఆడవాళ్లను కించపరిచే హాస్యమూ ఉంది. అదంతా మంచిదని నేను అనను. అయితే తెర మీద దేవుళ్ల పక్కన మన భాష మాట్లాడే మనిషికి చోటు ఇచ్చిందీ ఆ ఆటే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో ఇలాంటి బొమ్మలాట కుటుంబాల వాళ్లే బొమ్మలు పక్కనపెట్టి తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. అదే సురభి నాటకాలకు మొదలు. తెలుగు నాటకం చరిత్ర రాయాలంటే మన జిల్లా పేరు రాయకుండా కుదరదు.

సురభిలో ఆ ఆట జరిగిన ఏడేళ్లకు, తెలుగునేల మరో కొసన విజయనగరంలో ఇంకో నాటకం ఆడారు. మన పాఠం దాని గురించే.

నాటకం పుట్టిన కాలం

'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండో కూర్పు. అందులో ఏడు అంకాలున్నాయి. 1955లో సినిమాగా కూడా వచ్చింది.

కన్యాశుల్కం అంటే పెళ్లికొడుకు దగ్గర డబ్బు పుచ్చుకుని ఆడపిల్లను ఇవ్వడం. ఆ రోజుల్లో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల్లో ఈ ఆచారం ఉండేది. డబ్బున్న ముసలివాళ్లు పసిపిల్లలను కొనుక్కునేవాళ్లు. ముసలి మొగుడు చచ్చిపోతే ఆ పిల్ల బతుకంతా వితంతువే. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44 మంది. మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ లెక్కను గురజాడ తన నాటకం మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు పీఠికలో చెప్పారు.

ఇది చదివితే ఏడుపు వస్తుంది. గురజాడ మాత్రం దీని మీద జనాన్ని నవ్వించే నాటకం రాశారు. ఎందుకు? ఏడిపిస్తే జనం కళ్లు తుడుచుకుని ఇంటికి పోతారు. నవ్విస్తే, ఆ తప్పు చేసేవాడు రేపు బజారులో నడిచేటప్పుడు తలెత్తుకోలేడు.

ఒక మాట. ఈ నాటకం భాష మొదట్లో మనకు కొరుకుడు పడదు. అది విజయనగరం వైపు వాడుక భాష. అక్కడ 'గుంట' అంటే ఆడపిల్ల. మన వైపు గుంట అంటే గొయ్యి. మనం 'బాయి' అనేదాన్ని వాళ్లు 'నుయ్యి' అంటారు. నాలుగు పేజీలు పైకి చదవండి. చెవికి అలవాటైపోతుంది. వాళ్ల యాసను గురజాడ పుస్తకంలోకి ఎక్కించారు కాబట్టి ఈ రోజు అది సాహిత్యం. అలాగే మన యాస కూడా సిగ్గుపడాల్సింది కాదని గుర్తుపెట్టుకోండి.

కథలో కరటకశాస్త్రి

కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఉంటాడు. కోపిష్టి. పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బుకు ఆశపడి ముసలివాడికిచ్చి చేశాడు. ఆమె చిన్నవయసులోనే వితంతువై పుట్టింట్లో ఉంది. అంత జరిగినా ఆయనకు బుద్ధి రాలేదు. చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారం పీనాసి ముసలివాడు లుబ్ధావధాన్లుకు 1800 రూపాయలకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. తల్లి వెంకమ్మ ఏడ్చి మొత్తుకుంటుంది. ఆమె మాట వినే దిక్కు లేదు. సుబ్బిని అయితే అసలు ఎవరూ అడగనే అడగరు.

వెంకమ్మ తమ్ముడే కరటకశాస్త్రి. సుబ్బికి మేనమామ. మహారాజు వారి నాటక కంపెనీలో విదూషకుడి వేషాలు వేస్తాడు. బావకు ఇతనంటే లెక్క లేదు. ఎదురు చెబితే బావ ఇంకా మొండికేస్తాడు. కోర్టుకు పోదామంటే ఆ పెళ్లిని ఆపే చట్టం ఆ రోజుల్లో లేదు. మరి విదూషకుడి దగ్గర ఏముంది? వేషం ఉంది.

తన శిష్యుడైన ఒక కుర్రవాడికి ఆడపిల్ల వేషం కట్టాడు. తాను గుంటూరు నుంచి వచ్చిన పేదబ్రాహ్మణుడినని చెప్పుకుంటూ ఆ 'కూతురి'ని వెంటబెట్టుకుని రామచంద్రపురం పోయాడు. ఆ ఊళ్లో తగువులు పెట్టి బతికే రామప్పంతులనే పెద్దమనిషిని, వేశ్య అయిన మధురవాణి సాయంతో బుట్టలో వేసుకున్నాడు. చవగ్గా పిల్ల దొరుకుతోందంటే పీనాసి లుబ్ధావధాన్లు ఆగుతాడా? సుబ్బి సంబంధం వదిలేసి ఈ మాయగుంటను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయినాక సమయం చూసి శిష్యుడు చీర విప్పి పారేసి మగపిల్లవాడుగా మాయమయ్యాడు. సుబ్బి బతికిపోయింది.

విదూషకుడు చేసే మూడు పనులు

కరటకశాస్త్రిని చూస్తే విదూషకుడి పని మూడు రకాలని తెలుస్తుంది.

మొదటిది, డాంబికాన్ని పరీక్షించడం. రెండో అంకంలో ఒక గొప్ప సన్నివేశం ఉంది. అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశం పరీక్ష తప్పి ఇంటికి వచ్చాడు. వెంట గిరీశం అనే మాటకారి గురువు వచ్చాడు. ఇద్దరూ కలిసి ఇంట్లోవాళ్ల ముందు ఇంగ్లీషు మాట్లాడతారు. అది ఏమిటంటే చిన్నపిల్లల పాట ముక్క ఒకటి, లెక్కల పుస్తకంలోని సిద్ధాంతం ముక్క ఒకటి, వ్యాకరణ సూత్రం ముక్క ఒకటి. ఒకదానికి ఒకటి సంబంధం లేదు. తల్లి మురిసిపోతుంది. కరటకశాస్త్రి మాత్రం మురిసిపోలేదు. ఒక తెలుగు పద్యం చదవమని అడిగాడు. చదివినాక అర్థం చెప్పమన్నాడు. అక్కడ వెంకటేశం బండారం బయటపడబోతే గిరీశం అడ్డం వచ్చి మాటలతో కప్పిపెడతాడు.

తమ్ముళ్లూ, ఈ సన్నివేశం మనకోసమే రాసినట్టుంటుంది. మనలో చాలామంది ఇంగ్లీషు వినగానే తల దించుకుంటాం. ఎదుటివాడు చెప్పేదాంట్లో పదార్థం ఉందా లేదా అని చూడం. విదూషకుడు చూశాడు. "అర్థం చెప్పు" అనే చిన్న ప్రశ్న ఎంత పెద్ద ఆయుధమో చూపించాడు. ఇంగ్లీషు నేర్చుకోండి, తప్పక నేర్చుకోండి. అయితే అర్థం తెలిసి నేర్చుకోండి. అర్థం లేకుండా ఎవడైనా దబాయిస్తే భయపడకండి.

రెండోది, ఆశపోతును వాడి ఆశతోనే పట్టుకోవడం. కరటకశాస్త్రి లుబ్ధావధాన్లును బలవంతం చేయలేదు. పిల్లను కొనవచ్చు అనే ముసలివాడి నమ్మకమే అతని చేత మగపిల్లవాడిని కొనిపించింది. పిల్లను మనిషిగా చూసేవాడైతే ముఖం చూసేవాడు, మాట వినేవాడు, మోసం తెలుసుకునేవాడు. అతనికి ధర ఒక్కటే కనిపించింది. అందుకే ఈ హాస్యం ఉత్త కొంటెతనం కాదు. ఆ ఆచారంలో ఉన్న అసలు తప్పును వేలు పెట్టి చూపించింది.

మూడోది, అందరూ తేలిగ్గా తీసుకున్నదాన్ని తాను గట్టిగా పట్టించుకోవడం. ఈ నాటకంలో వేదాలు చదివినవాళ్లున్నారు, ఇంగ్లీషు చదివినవాళ్లున్నారు, ఊరి పెద్దలున్నారు. సుబ్బి బతుకు వాళ్లకు బేరం. నవ్వించడమే వృత్తిగా ఉన్న మనిషి ఒక్కడే దాన్ని ప్రాణం మీది సంగతిగా చూశాడు. పెద్దమనుషులు నవ్వులాట ఆడుతున్నచోట విదూషకుడు నిజమైన పని చేశాడు. గురజాడ తలకిందులు చేసింది ఇదే. పాత నాటకాల్లో తెలివితక్కువ పనులన్నీ విదూషకుడు చేసేవాడు. ఇక్కడ ఆ పనులు అవధాన్లు, పంతుళ్లు చేస్తారు. విదూషకుడు బుద్ధిగలవాడయ్యాడు.

తప్పు ఎక్కడ జరిగింది?

ఇక్కడితో ఆపితే పాఠం తేలికగా ఉండేది. గురజాడ మనల్ని అంత తేలిగ్గా వదలలేదు.

పెళ్లికూతురు మాయమైంది. ఎక్కడికి పోయినట్టు? ఆమె మనిషే కాదు, పిశాచమని పూజారి గవరయ్య నమ్మించబోయాడు. పోలీసులు పిశాచాన్ని నమ్ముతారా? లుబ్ధావధాన్లే భార్యను చంపేశాడని కేసు కట్టారు. ముసలివాడు పీనాసి నిజమే, ఆశపోతు నిజమే. హంతకుడు మాత్రం కాదు. చేయని హత్యకు అతడు ఉరికంబం దాకా పోయే ప్రమాదం వచ్చింది. ఇదంతా కరటకశాస్త్రి ఆడిన ఆట వల్లే.

అప్పుడు కరటకశాస్త్రి నేరుగా పోయి "ఈ పని నేనే చేశాను" అని చెప్పలేకపోయాడు. చెబితే తానూ, తన శిష్యుడూ ఇరుక్కుంటారు. మళ్లీ మధురవాణి దగ్గరికే పరుగెత్తాడు. చివరికి ఆమె మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి పోయి, మాయమైన పెళ్లికూతురు ఆడపిల్లే కాదన్న నిజం బయటపెట్టింది. ఊరు నీచంగా చూసే ఆడమనిషి వల్ల ముసలివాడు గండం నుంచి గట్టెక్కాడు. వేషం వేయడంలో ఉన్న ధైర్యం వేషం విప్పడంలో విదూషకుడికి లేకపోయింది.

ఇలాంటిదే ఇంగ్లీషు నాటకంలో కూడా ఉంది. షేక్‌స్పియర్ 'ట్వెల్త్ నైట్' అనే హాస్యనాటకంలో ఫెస్టే అనే విదూషకుడు ఉన్నాడు. ఒలీవియా అనే జమీందారిణి చనిపోయిన అన్నకోసం ఎడతెగకుండా ఏడుస్తుంటుంది. నీ అన్న ఆత్మ నరకంలో ఉంది కాబట్టే ఏడుస్తున్నావా అని ఫెస్టే అడుగుతాడు. కాదు, స్వర్గంలో ఉందని ఆమె అంటుంది. స్వర్గంలో ఉన్నవాడికోసం ఏడ్చేదానివి నువ్వే పిచ్చిదానివి అని తేలుస్తాడు. కొలువులో ఇంకెవరూ అనలేని మాట అతడు అన్నాడు, ఆమె మేలుకోసమే అన్నాడు. అదే ఫెస్టే తర్వాత ఇంకో పని చేస్తాడు. ఆ ఇంటి పెత్తనందారు మాల్వోలియో మహా గర్విష్టి. అందరూ కలిసి అతన్ని ఆట పట్టించి, పిచ్చివాడని చీకటిగదిలో పడేస్తారు. ఫెస్టే మతగురువు వేషంలో పోయి, ఆ గది చీకటిగా లేదు, నీకే పిచ్చి పట్టిందని దబాయిస్తాడు. మొదట మనం పడీపడీ నవ్వుతాం. ఆ మనిషి చీకట్లోనుంచి బతిమాలుతుంటే నవ్వు గొంతులో ఆగిపోతుంది.

ఫెస్టే ఆడింది గర్విష్టిని ఏడిపించడానికి. కరటకశాస్త్రి ఆడింది పసిపిల్లను కాపాడడానికి. రెండూ ఒకటి కావు. అయినా ఇద్దరూ ఒకే హెచ్చరిక చేస్తారు. నవ్వుకు కూడా బాధ్యత ఉంది. ఎగతాళికి దొరికినవాడు చెడ్డవాడైనా సరే, అతడు చీకటిగదిలో పడేదాకా పోకూడదు. పోతే తలుపు తీయాల్సినవాడు ఎగతాళి చేసినవాడే.

నవ్వు ఎటు పోతోంది?

నాటకమైనా, సినిమా అయినా, మన డార్మిటరీలో రాత్రిపూట చెప్పుకునే జోకు అయినా ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ నవ్వు ఎవరి మీదికి పోతోంది?

కిందికి పోయే నవ్వు ఒకటుంది. కూడు లేనివాడి ఆకలి మీద, నల్లనివాడి రంగు మీద, కుంటివాడి నడక మీద, పల్లెవాడి యాస మీద, కులం పేరు మీద పోయే నవ్వు. దానికి తెలివి అక్కరలేదు, ధైర్యం అసలే అక్కరలేదు. ఎదుటివాడు తిరిగి ఏమీ అనలేడన్న నమ్మకం చాలు. పైకి పోయే నవ్వు ఇంకొకటుంది. అధికారం మీద, ఆశ మీద, డాంబికం మీద, అన్యాయమైన ఆచారం మీద పోయే నవ్వు. దానికి తెలివీ కావాలి, ధైర్యమూ కావాలి. మంచి విదూషకుడు చేసే పనల్లా మొదటి నవ్వుకోసం వచ్చి కూర్చున్న జనాన్ని రెండో నవ్వు దగ్గరికి తీసుకుపోవడమే. జనం అతని టోపీ చూసి నవ్వడం మొదలుపెడతారు. నాటకం అయిపోయేసరికి తమ పెద్దల తలపాగాలు చూసి నవ్వుతుంటారు.

నా ఎనిమిదో తరగతి నాటకంలో లేనిది ఇదే. నాకు టోపీ ఇచ్చారు, మాట ఇవ్వలేదు. నవ్వు నా దగ్గరికి వచ్చి నా దగ్గరే ఆగిపోయింది. అది నా తప్పు కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీకు అన్నేళ్లు పట్టకూడదు.

మీ వేదిక మీద

ఈసారి నాటకం వేసేటప్పుడు జోకరు వేషాన్ని మీలో బాగా చదివేవాడికి, బాగా మాట్లాడేవాడికి ఇవ్వండి. అది అన్నింటికన్నా కష్టమైన వేషం. టైమింగ్ తెలియాలి, జనం ముఖాలు చదవడం తెలియాలి. అతనికి మూడు మాటలు కాదు, మూడు పేజీల మాటలు రాయండి. రాజు చెప్పిన అబద్ధాన్ని అతని చేత పట్టించండి. ఎవరినైనా ఆకారం చూసి వేషానికి ఎంపిక చేస్తుంటే, "ఎందుకు సార్?" అని మర్యాదగా అడగండి. కరటకశాస్త్రి అడిగినట్టు అర్థం అడగండి.

చివరగా సుబ్బి గురించి ఒక మాట. కన్యాశుల్కం ఆచారం పోయింది. ఇప్పుడు వరకట్నం వచ్చింది. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో చేశారు. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం. అయినా వేసవి సెలవులకు ఇంటికి పోయి, జూన్‌లో తిరిగి రాని చెల్లెళ్లు ఉన్నారు. వాళ్ల ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి నాన్నో మామో వస్తారు. మనం "పెళ్లంట" అని నవ్వుకుంటాం. ఆ నవ్వు కిందికి పోయే నవ్వే. వెంకమ్మకు దిక్కులేని రోజుల్లో ఒక విదూషకుడు వేషం కట్టాల్సి వచ్చింది. మనకు వేషం అక్కరలేదు. మీ వార్డెన్‌కు చెప్పవచ్చు, టీచరుకు చెప్పవచ్చు, పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. చెప్పడానికి భయం వేస్తే కరటకశాస్త్రిని తలుచుకోండి. పెద్దలందరూ బేరమాడుకుంటున్నచోట మేనకోడలికోసం కదిలినవాడు అతడొక్కడే. ఊళ్లో అతని పేరు విదూషకుడు.

అభ్యాసం

1. సంస్కృత నాటకాల్లోని విదూషకుడికీ, తోలుబొమ్మలాటలోని కేతిగాడికీ పోలికలు, తేడాలు రాయండి.

2. వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడినప్పుడు తల్లికీ, మేనమామకూ కలిగిన అభిప్రాయాల్లో తేడా ఏమిటి? ఎందుకు?

3. లుబ్ధావధాన్లు మీద కేసు పెట్టినాక కరటకశాస్త్రి ఏం చేసి ఉండాల్సింది? మీరైతే ఏం చేసేవారు?

4. ఈ వారంలో మీరు విన్న అయిదు జోకులు రాయండి. వాటిలో కిందికి పోయే నవ్వు ఎన్ని? పైకి పోయే నవ్వు ఎన్ని?

5. మీ అవ్వనో తాతనో అడిగి, మీ ఊళ్లో ఆడిన బొమ్మలాటలో, వీధినాటకంలో హాస్యగాడు చెప్పిన మాటలు వాళ్ల యాసలోనే రాసుకుని రండి. వచ్చే ఏడాది సంచికలో వేసుకుందాం.